రెండు వేళ్ళ ఎడం

మొగల్తూరు పెళ్ళిలో ఎవడో అడ్డంగా వదిలిన జువ్వ
ఆకాశం దారి మరిచి
మా పంచదార ఎడమకంటి మీదుగా పోయింది.
గుర్రం బెదిరినా పెళ్ళికొడుకు కింద పడలేదు.
అదృష్టమంటే అదేనని ఊరంతా చెప్పుకుంది.

పాలకొల్లు నుంచి వచ్చిన డాక్టరమ్మ
కంట్లో రంగుచుక్క వేసి నీలి లైటు పట్టింది.
గాయం వరిగింజంత, పచ్చగా వెలిగింది.
"ఎండ తగలకూడదు. ఈగ వాలకూడదు.
గోడకేసి రుద్దుకోనివ్వకండి.
ముసుగు ఏదైనా సరే,
గుడ్డ మాత్రం కంటిని తాకకూడదు."
రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి చూపించింది.
ఇంత ఎడం.

అబ్బులు ముందు పెట్టెలోంచి పెళ్ళి ముసుగు తీశాడు.
మఖమలు, చమ్కీలు, నుదుట అద్దం బిళ్ళ.
దులిపితే ఒక చమ్కీ రాలి నా అరచేతిలో పడింది,
అంచు తగిలి చెయ్యి చురుక్కుమంది.
ఇన్నేళ్ళూ ఇదా దాని మొహాన కట్టింది?
ఏమీ అనకుండా మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.

రొయ్యల చెరువు మీది వల తెచ్చాడు మరిది.
కొంగలకి కట్టిన వల ఈగల్నేం ఆపుతుంది?

దోమతెర రెండు మడతలేసి కుట్టాను.
మెత్తగా ఉంది, ఇదే మంచిదనుకున్నాం.
సాయంత్రం తొట్టిలో మూతిపెట్టి తాగి తల విదిలించిందో లేదో
తడిసిన గుడ్డ రెప్పకు అతుక్కుపోయింది
పాలమీద మీగడలా.
విప్పేసరికి నా ప్రాణం పోయినంత పనైంది.

కొరియర్లో ఒకటొచ్చింది, పన్నెండొందలు పోసి.
కళ్ళ దగ్గర ఉబ్బుగా, అన్నీ తెలిసినవాళ్ళు కుట్టినట్టే ఉంది.
ఏ దేశపు గుర్రం కొలతో మరి,
మా పంచదార దవడకి అది గోనెసంచి.
జారి, ఆ ఉబ్బొచ్చి ముక్కుమీద కూచుంది.
అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది.
అబ్బులుకి రాలేదు.

నేను లేసు అల్లేదాన్ని.
నరసాపురం ఏజెంటు దారమిస్తాడు, అల్లికిస్తాను, పట్టుకుపోతాడు.
ఏ సముద్రం అవతల ఏ బల్లమీద పరుస్తారో ఎరగను.
ముప్పై ఏళ్ళలో నా వేళ్ళు నేర్చింది ఒక్కటే:
లేసంటే కన్నాలు.
దారం వాటికి కాపలా, అంతే.

ఆ రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో టీ వడకడుతూ
చేతిలో జల్లెడను తడిమాను.
గిన్నెలా లోతు, గాలాడే అడుగు.
పెద్ద సైజుది, నైలానుది, అత్తిలి సంతలో కొన్నది.
అబ్బులు టీ అడిగేలోపే
దాని పిడి కోసేశాను.

కరుగ్గా ఉన్న అంచు చుట్టూ ఆరు వరసలు అల్లాను,
ఏజెంటు తెల్లదారంతోనే.
లెక్క తరవాత చెప్పుకుంటాను.
తలకట్టు పట్టీకి బిగించి కుట్టాను.
నీడకి పైన పాతగొడుగు నల్లగుడ్డ.
కుడికన్ను మాత్రం వదిలేశాం,
లోకం ఒక పక్కనైనా కనబడాలిగా.

కట్టేముందు లోపల వేళ్ళు పెట్టి చూశాను.
రెండు పట్టాయి. మూడోది పట్టలేదు.

పంచదార ఒకడుగు వెనక్కేసింది.
చెవులు అటూ ఇటూ తిప్పింది.
వంగి కిందినుంచి చూస్తే
రెప్ప పడింది, లేచింది, మళ్ళీ పడింది,
ఏ గుడ్డా తగలకుండా.

మాఘంలో బ్యాండు సన్యాసిరావు వచ్చాడు.
"ఆ జల్లెడ పీకేసి చమ్కీలది కట్టు బాబూ,
ఫొటోల్లో ఏం బావుంటుంది?
ఏడు పెళ్ళిళ్ళున్నాయి చేతిలో."
ఏడంటే మాకు ఎండాకాలం దాకా దాణా.
అబ్బులు దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు లాగుతూ
చాలాసేపు పలకలేదు.
"దానికి సెలవు" అన్నాడు చివరికి,
ఆఫీసరు సంగతి చెప్పినట్టు.

గాయం నూకంత అయింది.
కొంచెం తెలుపు మిగిలిపోతుందట, జన్మంతా.

మా ఇంట్లో టీ ఇప్పుడు గుడ్డలో వడకడుతున్నాం.
కాస్త నూలు వాసన.